గూడబాతుల పురిటిల్లు

మొన్న మా మునిమనవరాలు బడివాళ్ళతో సముద్రం చూసి వచ్చింది. గుమ్మంలోనే సంచీ దులిపింది. ఇసుక, నాలుగు శంఖాలు, ఒక పీత డొప్ప, తెల్లటి ఈక, అలలకి అంచులు అరిగిపోయిన ఆకుపచ్చ సీసా పెంకు. అవన్నీ తెచ్చి నా మంచం మీద, అప్పుడే ఉతికి పరిచిన దుప్పటి మీద, వరసగా పేర్చింది. తిడదామని నోరు తెరిచేలోపు ఒక అట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. అట్టకి కాగితం, కాగితం మీద గళ్ళు. తేదీ, చోటు, ఏం చూశావు, ఎన్ని చూశావు.

"వచ్చే వారం కొల్లేటికి తీసుకెళ్తారంట తాతమ్మా. పక్షుల్ని లెక్కపెట్టి ఇందులో రాయాలి. చూసింది చూసినట్టు రాయమన్నారు మా టీచరు. నాకు పక్షుల పేర్లు చెబుతావా?"

"చెప్పను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల బిక్కచచ్చిపోయింది. వంటింట్లోంచి కోడలు తొంగిచూసి, "ఏంటండీ అత్తయ్యగారూ, పేర్లడిగినందుకు అంత కోపమా" అంది. ఈ ఇంట్లో నాకు కోపిష్టిదానినని పేరు ఎలాగూ ఉంది. ఇదీ అందులోనే కలిసిపోయింది.

నిజానికి అది కోపం కాదు. తొమ్మిదో ఏట నేను కూడా అలాంటి పుస్తకం ఒకటి నింపాను. దానివల్ల జరిగింది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ధైర్యం వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. నన్ను నిలదీసేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు, అందుకని చెబుతున్నాను.

నాన్న ఏలూరులో గుమాస్తా. అమ్మకి ఏడో నెల వచ్చాక, పురుడు పోసుకోవడానికి పుట్టింటికి పంపిస్తూ నన్ను కూడా వెంట పంపారు. బడి మానేయాల్సి వచ్చిందని ఏడిస్తే, మా పంతులమ్మగారు ఒక గీతల పుస్తకం, కొత్త పెన్సిలు నా చేతిలో పెట్టారు. ఆవిడ మాకు ప్రకృతి పాఠం చెప్పేవారు. "అక్కడ చెట్టూ పిట్టా బాగా చూసి రాయి. తేదీ వెయ్యి. కళ్ళతో చూసిందే రాయి, అనుకున్నది రాయకు. వచ్చాక నేను చదువుతాను" అన్నారు. ఆ మాటల్లో తప్పేముందో ఇప్పటికీ వెతుకుతాను, దొరకదు.

తాడేపల్లిగూడెంలో రైలు దిగేసరికి తాతయ్య ఎడ్లబండి తోలుకొచ్చి నిలబడ్డారు. అక్కణ్ణించి కొల్లేటి వైపు సగం రోజు ప్రయాణం. కార్తీక మాసం, చేలు పసుపు తిరుగుతున్నాయి. ఊరింకా ఫర్లాంగు దూరం ఉందనగా గుప్పున ఒక వాసన కొట్టింది. కుళ్ళిన చేప, తడి సున్నం, కోళ్ళగూడు, మూడూ కలిసిన వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూడా నవ్వింది. పుట్టింటి వాసన కదా. నేను తలెత్తి చూసి కొయ్యబారిపోయాను. చేల మధ్య ఎత్తయిన దిబ్బ, దాని మీద నలభై దాకా తాటిచెట్లు. ప్రతి చెట్టు మీదా ఎవరో దుప్పట్లు ఆరవేసినట్టు తెల్లగా, బూడిదరంగుగా ఏవో ఉన్నాయి. వాటిలో ఒకటి విప్పుకుని, బండి కన్నా వెడల్పుగా రెక్కలు చాపి, మా మీదుగా ఎగిరిపోయింది. దాని ముక్కు నా చెయ్యి కన్నా పొడుగు. ముక్కు కింద, పొలానికి నీళ్ళు తోడే గూడలాంటి సంచి.

"గూడబాతులే అమ్మడూ" అన్నారు తాతయ్య. "మన ఊరి ఆడపడుచులు. వాటికీ పురిటి రోజులే."

వేళాకోళం అనుకున్నాను. కాదని అమ్మమ్మ ఆ సాయంత్రమే చెప్పింది. వానలు వెనకబట్టగానే ఆ పక్షులు వస్తాయి, ఎండలు ముదరకముందే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయి. కాన్పుకి వచ్చిన ఆడపిల్లలకి చేసినట్టే ఊరు వాటికీ చేసేది. దీపావళికి ఆ వైపు ఎవరూ టపాకాయ కాల్చరు. పెళ్ళిమేళం దిబ్బ దగ్గరికి వచ్చేసరికి డోలు ఆపేస్తారు. గుడ్లు పెట్టాయని తెలిశాక దిబ్బ మీదికి ఎవరూ అడుగు పెట్టరు, అది పురిటిల్లు. తాళ్ళు గీసే పెద్దాయన చుట్టుపక్కల చెట్లన్నీ గీసి కల్లు తీసేవాడు గానీ ఈ నలభైని ముట్టుకునేవాడు కాడు. కల్లు గీయకపోవడమే కాదు, ఎండిపోయిన మట్టలు కూడా కొట్టేవాడు కాడు. అందుకని ఆ చెట్లకి ఏళ్ళ తరబడి ఎండుటాకులు పరికిణీల్లా వేలాడుతుండేవి. కొన్నిటికి నేలదాకా.

ఊరికి లాభం లేకుండా పోలేదు లెండి. పక్షులు వెళ్ళాక దిబ్బ మీది మట్టిని గోకి నారుమళ్ళలో చల్లితే నారు నల్లగా వచ్చేది. అంతకన్నా పెద్ద నమ్మకం ఇంకొకటి ఉంది. గూడబాతుల పిల్లలు చల్లగా ఉన్న ఏడు ఊళ్ళో పురుళ్ళన్నీ చల్లగా ఉంటాయని. ఆ మాట అమ్మ పక్కనుండగానే నలుగురు ఆడవాళ్ళు నాలుగు తీర్లుగా చెప్పారు. నేను ప్రతిసారీ అమ్మ పొట్ట వైపు చూశాను.

మా అమ్మమ్మ గురించి చెప్పాలి. లావుపాటి మనిషి, పెద్ద గొంతు, చిన్న చేతులు. ఊళ్ళో ఎవరికి నొప్పులు వచ్చినా మంత్రసానితోపాటు ఆవిడకీ కబురొచ్చేది. మంత్రసాని పని మంత్రసానిదే. కానీ బిడ్డని మొదట ఎత్తుకునేదీ, బాలింతకి స్నానం అయ్యాక సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు వేసి పొగ వేసేదీ మా అమ్మమ్మే. ఆవిడ చేతి పొగ పడిన బిడ్డ నిలుస్తుందని ఊరందరి నమ్మకం. అయినింటి ఆడవాళ్ళూ లేనింటి ఆడవాళ్ళూ ఒకేలా పిలిచేవాళ్ళు, ఆవిడ ఒకేలా వెళ్ళేది. ఎప్పుడూ ఆ చేతులు వామువాసన వేస్తుండేవి. ఆ వాసన పట్టుకుని నిద్రపోయేదాన్ని.

నేను నియమం తప్పడానికి మూడు రోజులు కూడా పట్టలేదు. తెల్లవారుజామున, వెలుగు రేకలు వచ్చీరాకముందు, దొడ్డిదోవన వెళ్ళి దిబ్బ ఎక్కేదాన్ని. చేతిలో పుస్తకం. ఊరు లేచేలోపు వచ్చి మళ్ళీ పక్కలో దూరేదాన్ని. అందులో రాసినవి ఇంకా గుర్తున్నాయి. "పెద్దవి అరవవు. అసలు గొంతు లేదు." "పిల్లలు మేకపిల్లల్లా అరుస్తాయి." "పిల్ల తల్లి నోట్లో తల మొత్తం దూర్చింది. తల్లి మింగేస్తోందనుకున్నాను. మింగలేదు. పిల్ల చేప తింటోంది." అనుకున్నది రాయవద్దన్నారు కదా, అందుకని 'అనుకున్నాను' అన్న చోట గీత కొట్టేశాను.

ఒక పొద్దున నా ముందు దబ్బున ఒక కొర్రమీను పడింది. ఇంకా కొట్టుకుంటోంది. గూటిలోంచి జారిపడింది. దాన్ని పరికిణీలో చుట్టుకొచ్చి, చేపలమ్మి తెచ్చిన చేపల్లో కలిపేశాను. ఆ రోజు పులుసు అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. తాతయ్య మారు వడ్డించుకున్నారు. మూడు రోజులు ఆగి, దిబ్బ పక్క బాట మీద దొరికిందని ఒక అబద్ధం కలిపి, అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తర్వాత పమిట నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. "పక్షి ఎంగిలి తినిపించావే మీ తాతకి. చెప్పావంటే గోదాట్లో మునిగొస్తారు. చెప్పకు" అంది.

తాతయ్య ఒకసారి పశువులపాకకి జమ్ము కోయించుకు రావడానికి కొల్లేటికి వెళ్తూ నన్ను తీసుకెళ్ళారు. తాటిదోనెలో కూర్చోబెట్టి కొంతదూరం తిప్పారు. అంత నీళ్ళు ఒకేచోట ఉంటాయని నాకు తెలియదు. గట్టున అలలు తెచ్చి పోసిన నత్తగుల్లలు, ఒక తాబేటి డొప్ప, నీలంరంగు ఈకలు ఏరుకున్నాను. నీళ్ళ మధ్య మా గూడబాతులు కనబడ్డాయి. పదీ పన్నెండూ అర్ధచంద్రంలా వరస కట్టి, రెక్కలతో నీళ్ళు కొడుతూ, చేపల్ని గట్టువైపు తోలుతున్నాయి, గొర్రెల కాపరులు మందని తోలినట్టు. ఒక్కసారిగా అన్నీ తలలు ముంచాయి. "తవరి ఊరి ఆడపడుచులేనండి పాపగారూ. ఇక్కడ మేసి సాయంత్రానికి అంత దూరం మోసుకెళ్తాయండి, పిల్లల కోసం" అన్నాడు దోనె నడిపే అతను. ఆ రోజు నుంచి నాకు ఆ పక్షులంటే పిచ్చి పట్టుకుంది.

మొదటి పిల్ల పుష్య మాసంలో రాలింది. ఆ చెట్టు కింద నల్లగా ఏదో ఉంటే మట్టిబెడ్డ అనుకుని కాలితో కదిపాను. మెత్తగా తగిలింది. ఒంటి మీద ఈక లేదు, పొట్ట ఉబ్బి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. వెనక్కి గెంతి, నోరు మూసుకుని నిలబడిపోయాను. ఏడవాలన్నా అక్కడ శబ్దం చేయకూడదు కదా. కాసేపయ్యాక పుస్తకం తీసి తేదీ వేసి రాశాను. "రాలిన పిల్ల, ఒకటి."

మర్నాడు రెండు. ఆ తర్వాత మూడు. ఒకరోజు ఏమీ లేదు, ఆ పేజీలో "దూరంగా నక్క పోతోంది" అని రాశాను. మళ్ళీ నాలుగు. ఇంత వెడల్పు గూళ్ళలోంచి ఇవి ఎందుకు పడుతున్నాయో తెలిసేది కాదు. అడగాలంటే దిబ్బ ఎక్కినట్టు ఒప్పుకోవాలి. కాబట్టి అడగలేదు, రాసుకుంటూ పోయాను.

అమ్మకి నొప్పులు వచ్చిన రోజు నన్ను పెరట్లోకి తరిమేశారు. అమ్మ గొంతులోంచి అలాంటి కేక వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు. గోడకి వీపు ఆనించుకుని రెండు చెవులూ మూసుకున్నాను, అయినా వినబడింది. మధ్యాహ్నానికి తమ్ముడు పుట్టాడు. అమ్మమ్మ కిటికీలోంచి వాణ్ణి చూపించింది. నల్లగా, ఒళ్ళంతా ముడతలతో, పొట్ట ఉబ్బుగా. నాకు చెట్టు కింద చూసినది గుర్తొచ్చింది. అచ్చు అలాగే ఉన్నాడు.

ఆ పది రోజులూ అమ్మమ్మ ఆ గది విడిచి కదల్లేదు. తిండి గుమ్మం దగ్గరికే, పడక గుమ్మం లోపలే. ఎనిమిదో రోజు తమ్ముడు పాలు తాగడం మానేశాడు. ఒళ్ళు కాలిపోతోందని మంత్రసాని అంది. ఆ ముందురోజంతా ఈదురుగాలి. ఆ పొద్దున దిబ్బ మీద నేను పదకొండు లెక్కపెట్టాను.

ఇక ఆగలేకపోయాను. మైల కదా, గుమ్మం ఇవతలే నిలబడి అమ్మమ్మని పిలిచాను.

"అమ్మమ్మా, దిబ్బ మీద పిల్లలు రాలిపోతున్నాయి."

"ఎవరన్నారే?"

"నేనే చూశాను. రోజూ చూస్తున్నాను. రాసిపెట్టాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. దిబ్బ ఎందుకెక్కావని అడగలేదు. "చదువు" అంది. నేను చదివాను. తేదీ, ఒకటి. తేదీ, రెండు. తేదీ, మూడు. అమ్మమ్మకి అక్షరం రాదు. కాగితం మీద ఉన్నదంటే ఆవిడకి దేవుడు రాసినంత ఖరారు. పదకొండు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహంలో నెత్తురు లేదు. వెనక్కి తిరిగి అమ్మ పక్కలో ఉన్న బిడ్డని చూసింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నువ్వు పురిటిల్లు తొక్కినట్టు ఒక్కరికి తెలిసినా బతికినన్నాళ్ళూ ఆడిపోసుకుంటారు నిన్ను. నేను చూసుకుంటాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అమ్మమ్మ చూసుకుంటుంది.

తమ్ముడి జ్వరం మర్నాటికే తగ్గిపోయింది. దానంతట అది వచ్చింది, దానంతట అది పోయింది. అమ్మమ్మ మాత్రం మర్చిపోలేదు. పదకొండో రోజు పురుటిస్నానం అయ్యి బయటికి రాగానే ఆడవాళ్ళని పోగు చేసింది. "బాలింతకి పొగ వెయ్యని ఇల్లు ఈ ఊళ్ళో ఉందా? ఆడపడుచులంటాం, పురుడంటాం. ఇన్నేళ్ళలో వాటికి పొగ వేసినవాళ్ళెవరు? పిల్లలు రాలిపోతున్నాయి అక్కడ" అంది. అందరూ నిర్ఘాంతపోయారు. ఇంత చిన్న సంగతి తమకి తట్టనందుకు సిగ్గుపడ్డారు కూడా.

పక్కింటి కోడలు ఒక్కతే కాస్త సందేహించింది. "తాళ్ళు గీసే పెద్దాయన్ని ఒకమాట అడిగితే బావుంటుందేమోనండి దొడ్డమ్మగారూ. చెట్ల సంగతి ఆయనకి ఎరుక."

"ఆయన కూతురికి జబ్బుచేసిందని కలిదిండి వెళ్ళి కూర్చున్నాడు. ఆయనొచ్చేదాకా పిల్లలుంటాయా?"

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా ఊళ్ళో ఆడవాళ్ళందరూ కుంపట్లు ఎత్తుకుని దిబ్బ ఎక్కారు. పిడకల నిప్పులు, పైన సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు, వేపాకు. చెట్టుకొక కుంపటి. మొదటి పొగ అమ్మమ్మ వేసింది, కొంగు నడుముకి బిగించి, చిన్న చేతుల్తో విసురుతూ. ఎవరూ మాట్లాడలేదు. పొగ సన్నగా మట్టల మధ్యగా పైకి పోతుంటే పైన పిల్లల అరుపు తగ్గింది. "చూశారా, హాయిగా ఉంది వాటికి" అని ఎవరో గుసగుసలాడారు. నేను అమ్మమ్మ పక్కన నిలబడ్డాను. నా పుస్తకం వల్లే ఇదంతా జరుగుతోందని నాకు గర్వంగా ఉంది. ఆ మాట దాచను. గర్వంగా ఉండింది, నిజం.

గాలి తిరిగింది. ఒక కుంపట్లోంచి నిప్పురవ్వ లేచి, నేలదాకా వేలాడుతున్న ఎండుమట్ట మీద వాలింది. చేత్తో నలిపేస్తే ఆరిపోయేటంత రవ్వ. ఎవరైనా కదిలేలోపు చర్రుమని మంట చెట్టు పైదాకా పాకింది. ఏళ్ళ తరబడి పక్షుల కోసం కొట్టకుండా ఉంచిన మట్టలు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి, అక్కణ్ణించి ఇంకోదానికి. ఆడవాళ్ళు కెవ్వుమని కిందికి పరుగెత్తారు. మగవాళ్ళు కుండలతో నీళ్ళు తెచ్చారు. తాటిచెట్టు తలకి కుండతో నీళ్ళు ఎవరు కొట్టగలరు?

ఎగరడం రాని పిల్లలు. పైన వాటి అరుపు ఒక్కసారి పెద్దదైంది. తర్వాత లేదు.

సరిగ్గా అప్పుడే కొల్లేటి నుంచి పెద్దవి తిరిగొచ్చాయి, రోజూ వచ్చే వేళకే, సంచుల నిండా చేపలతో. మంటల మీదుగా గుండ్రంగా తిరిగాయి. వాటికి గొంతు లేదని చెప్పాను కదా. ఊరంతా ఏడుస్తోంది, అరుస్తోంది. పైన అన్ని పక్షులున్నాయి, ఒక్కటీ చప్పుడు చేయలేదు. బెదిరిన పక్షులు సంచుల్లోది కక్కేశాయి. మా మీద, బూడిద మీద, చేపలు పడ్డాయి. కొన్ని బతికే ఉన్నాయి. ఒక తల్లి మాత్రం తిరిగీ తిరిగీ రెక్కలు మూసుకుని మంటలో ఉన్న తన గూటి మీద వాలింది. మళ్ళీ లేవలేదు. అది నేను చూశాను. దాన్ని ఎక్కడా రాయలేదు.

నలభైలో సగం పైగా కాలిపోయాయి. మిగిలిన చెట్ల మీది పక్షులు కూడా మర్నాడు సాయంత్రానికి లేవు. గూళ్ళల్లో గుడ్లు, పిల్లలు అలాగే ఉండిపోయాయి. రెండ్రోజులు ఆ అరుపు వినిపించింది. ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండేది. నేను దగ్గరికి వెళ్తే పక్కకి జరిగి చోటిచ్చేది.

మూడోనాడు తాళ్ళు గీసే పెద్దాయన కలిదిండి నుంచి వచ్చాడు. దిబ్బ చూసి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. అప్పటికి అక్కడ ఊళ్ళోవాళ్ళు చాలామంది ఉన్నారు, మంత్రసాని కూడా ఉంది. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ముసలి మొహమంతా తడిగా ఉంది.

"ఎందుకండీ ఇలా జరిగింది?"

తాతయ్య చెప్పారు. పిల్లలు రాలిపోతున్నాయని, దిష్టి తగిలిందని, పొగ వేశారని.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "ఆయ్, ఏటా రాల్తాయండి. గూట్లో మూడు పుడితే పెద్దపిల్ల చిన్నదాన్ని తోసేస్తాదండి. ఒకటే నిలుస్తాది, మహా అయితే రెండు. అది వాటి తీరండి. గాలేస్తే ఇంకాసిని రాల్తాయి. తెల్లారేలోపు నక్కలు, కుక్కలు ఏరుకుపోతాయి కాబట్టి తవరికి కనపడవండి. పక్క చెట్లెక్కేటప్పుడు చీకట్లో ముప్ఫై ఏళ్ళుగా చూస్తన్నానండి నేను. ఈ ఏడు మరీ ఎక్కువేం కాదండి, నేనెళ్ళేటప్పటికి తక్కువే."

నాకు నక్క గుర్తొచ్చింది. రాలిన పిల్లలు లేవని రాసిన రోజు, దూరంగా పోతున్న నక్క. ఒకే పేజీలో రెండూ రాశాను. చూసింది చూసినట్టు రాశాను. పిల్లలు ప్రతి ఏడూ రాలుతూనే ఉన్నాయి. ఆ ఏడు తేడా ఒక్కటే, లెక్కపెట్టడానికి నేను వచ్చాను.

"రాల్తన్నాయని ఎవరు చూశారండీ?" అని అడిగాడు ఆయన. కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు.

పుస్తకం నా పరికిణీ బొడ్లో ఉంది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"నేనే చూశానయ్యా" అంది అమ్మమ్మ. "రోజూ పొద్దున్నే వెళ్ళి చూశాను. నాకు తెలియక చేశాను. ఇందులో ఎవరి ప్రమేయం లేదు."

పది రోజులు పురిటిగది గుమ్మం దాటని మనిషి. ఆ సంగతి మంత్రసానికి తెలుసు, అమ్మకి తెలుసు, వాకిట్లో ఉన్న ఆడవాళ్ళలో సగంమందికి తెలుసు. ఒక్కరూ మాట్లాడలేదు. పెద్దాయన అమ్మమ్మని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్క క్షణం నన్ను చూశాడు. తలగుడ్డ చుట్టుకుని, "తవరు చూస్తే చూసుంటారండి" అని వెళ్ళిపోయాడు.

నేను నమ్మలేకపోయాను. పెద్దవాళ్ళు అబద్ధమాడతారని తెలియక కాదు. అంతమంది ముందు, అంత నింపాదిగా, తన నెత్తిన తనే నిప్పులు పోసుకునే అబద్ధం ఒకటుంటుందని తెలియదు. అప్పుడైనా నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఏలూరు వెళ్ళే ముందు పుస్తకాన్ని వంటింటి పొయ్యిలో పెట్టేశాను. పంతులమ్మగారు అడిగితే రైల్లో పోయిందన్నాను. కొత్త పుస్తకం ఇస్తామన్నారు, వద్దన్నాను.

మరుసటేడు కార్తీకంలో గూడబాతులు వచ్చాయట. దిబ్బ మీద ఒక్కరోజంతా తిరిగి, వాలకుండా, కొల్లేటికి దగ్గరగా ఉన్న ఇంకో ఊరి చెట్లకి వెళ్ళిపోయాయట. ఆ తర్వాత రానే లేదు. "మనవడి కోసం ఊరి ఆడపడుచుల్ని కాల్చుకుంది" అని అమ్మమ్మ గురించి అనుకునేవాళ్ళని అమ్మ ఒకసారి ఏడుస్తూ చెప్పింది. ఎదురుగా ఎవరూ అనలేదు, ఆ ఊరివాళ్ళు ఎదురుగా ఏమీ అనరు. అండీ అండీ అంటూనే, నొప్పులు వచ్చినప్పుడు ఆవిడకి కబురు పంపడం మానేశారు. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆవిడకి తెలిసేది మర్నాడే, వీధిలో అనుకుంటుంటే.

నా తొలి కాన్పు కూడా ఆ ఇంట్లోనే జరిగింది. నాన్నకి దూరపు ఊరికి బదిలీ అయింది, అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చింది. తెల్లారగట్ల మొదలైన నొప్పులు పొద్దెక్కేసరికి ముదిరాయి. మంత్రసాని ముసలిదైపోయింది, అయినా ఆవిడే వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురొచ్చి సాయం పట్టారు. అమ్మమ్మ లోపలికి రాలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. అవతల ఆవిడ నిలబడి ఉన్నట్టు ఆ దగ్గుని బట్టి తెలుస్తోంది. అమ్మ తలుపు సందులోంచి, "లోపలికి రామ్మా. పిల్ల నీకోసం కలవరిస్తోంది" అంది.

"వద్దులే అమ్మా. నా చెయ్యి పడనివ్వొద్దు. దాన్ని చల్లగా ఉండనీ."

అది నాకు స్పష్టంగా వినిపించింది. గదిలో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. వాళ్ళలో ఒకావిడ తలుపుకేసి చూసి, చూపు తిప్పుకుని, నా నుదురు తుడిచింది.

గదిలో అమ్మ కాక అయిదుగురు ఆడవాళ్ళున్నారు. ఆ రోజు దిబ్బ మీదికి కుంపట్లు మోసినవాళ్ళే అందరూ. వాళ్ళలో ఒక్కరి చెయ్యి పట్టుకుని, లెక్కపెట్టింది నేనండీ, అమ్మమ్మ కాదు, అని చెబితే సాయంత్రానికి ఊరంతా తెలిసేది. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చేది. నొప్పుల్లో నేను అమ్మని పిలిచాను, దేవుళ్ళందర్నీ పిలిచాను, అమ్మమ్మని కూడా పిలిచాను. నా గొంతు వీధి చివరదాకా వినిపించిందట. ఆ ఒక్క మాట తప్ప అన్నీ అరిచాను.